దాపరికం భద్రత కాదు

మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా ఏ ఐటీ ఆఫీసులో సెక్యూరిటీ మాట వచ్చినా ఒక వాదన వినిపిస్తుంది. కోడ్ నలుగురికీ కనిపిస్తే దొంగకూ కనిపిస్తుంది. సందేహం బయట అడిగితే గుట్టు బయటపడుతుంది. లోపం ఉందని పైకి చెబితే దాన్ని వాడుకునేవాడికి దారి చూపించినట్టే. కనుక ప్రోగ్రామర్లు ఒకరికొకరు సాయం చేసుకునే బహిరంగ వేదికలను ఆఫీసు నెట్‌వర్క్‌లో బ్లాక్ చెయ్యాలి, ఉద్యోగులు ఓపెన్ సోర్స్‌కు కోడ్ రాయకుండా ఆపాలి, లోపం కనిపెట్టినవాణ్ని ముందు అనుమానించాలి, అక్కడ నోరు విప్పే ప్రతి ఒక్కరి గుర్తింపూ ఫోన్ నంబరుతో, ఆధార్‌తో సరిచూడాలి. వినడానికి ఇదంతా ఇంగితంలాగే ఉంటుంది. అందుకే మేనేజర్లూ, పోలీసు అధికారులూ, ఇంజనీరింగ్ కాలేజీ పెద్దలూ ప్రశ్నించకుండా ఒప్పేసుకుంటున్నారు. నేను ఒప్పుకోను. ఈ వాదన జనం వివరాలను కాపాడదు. ఆ వివరాలను పోగొట్టుకున్న సంస్థల పరువును కాపాడుతుంది, అదీ కొంతకాలమే.

సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన కేసులనే చూడండి. 2023 మార్చిలో 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముకుంటున్న ముఠాను పట్టుకున్నామని ప్రకటించారు. పది రోజులైనా తిరక్కుండా, ఏప్రిల్ 1న, 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల సమాచారం దగ్గర పెట్టుకున్న మరొకరిని అరెస్టు చేశామన్నారు. అది 24 రాష్ట్రాలకూ 8 మహానగరాలకూ చెందిన సమాచారం. జీఎస్టీ కట్టే వ్యాపారులు, ఆర్టీఏలో బండి రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు, ఆన్‌లైన్ పాఠాల్లో చేరిన విద్యార్థులు, యాప్‌లో సరుకులు తెప్పించుకున్నవాళ్లు, అందరూ అందులో ఉన్నారు. ఇలాంటి వివరాలు ప్రోగ్రామర్లు బహిరంగంగా మాట్లాడుకునే చోట పుట్టవు. లోపలి సర్వర్లలో, పాస్‌వర్డ్‌ల వెనక, కాన్ఫిడెన్షియల్ అన్న ముద్ర కింద ఉంటాయి. మరుసటి ఏడాది జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచి వివరాలు కొల్లగొట్టి అమ్మకానికి పెట్టిన కేసులో ఒక యువకుడు అరెస్టయ్యాడు. ఆపదలో ఉన్న ఆడపిల్ల పోలీసులను పిలవడానికి ఫోన్లో వేసుకున్న యాప్ అది. దాన్ని విప్పి చూసి, ఇక్కడ బలహీనంగా ఉంది సార్ అని ముందే చెప్పగల ఇంజనీర్లు ఈ నగరంలో లెక్కలేనంత మంది ఉన్నారు. చెప్పండి అని వాళ్లను పిలిచినవాళ్లు లేరు.

మూసిపెట్టడంలో ఇంకో ప్రమాదం ఉంది. నలుగురూ చూస్తారన్న బెరుకు పోయిన చోట మనిషి అజాగ్రత్తగా ఉంటాడు. 2016లో ఉబర్ నుంచి 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు పోయాయి. దొంగలు ముందుగా దూరింది ఆ సంస్థ ఇంజనీర్లు కోడ్ దాచుకునే ప్రైవేటు రిపోలోకి. క్లౌడ్ ఖాతా తాళంచెవులు ఆ కోడ్‌లోనే రాసిపెట్టి ఉన్నాయి. బయటివాళ్ల కంటపడదులే అన్న ధీమా లేకపోతే ఏ ఇంజనీరూ ఆ పని చెయ్యడు. తర్వాత జరిగింది ఇంకా ఘోరం. సంస్థ ఆ దొంగలకు లక్ష డాలర్లు ఇచ్చి, ఏడాది పాటు ఎవరికీ చెప్పకుండా ఉంచింది. తమ వివరాలు దొంగల చేతిలో ఉన్నాయని ఆ కోట్లమందికి ఏడాది పాటు తెలియదు. ఆ సంగతి దాచినందుకు అప్పటి భద్రతాధికారిని 2022లో అమెరికాలో జ్యూరీ దోషిగా తేల్చింది. మన ఆఫీసుల్లోనూ ప్రొడక్షన్ పాస్‌వర్డ్‌లు షేర్ చేసిన ఎక్సెల్ షీట్లలో, టీమ్ చాట్లలో పడి ఉండటం ఎరగనివాళ్లు ఎవరున్నారు? లోపలివాళ్లమే కదా అన్న నమ్మకం మీద అవి అక్కడ అలా పడి ఉంటాయి.

ఏది దాచాలి, ఏది దాచకూడదు అన్న ప్రశ్నకు జవాబు కొత్తదేమీ కాదు. 1883లో ఆగస్ట్ కెర్క్‌హోఫ్స్ అనే భాషావేత్త సైనిక రహస్య లిపుల గురించి రాస్తూ, పద్ధతి మొత్తం శత్రువు చేతికి చిక్కినా చిక్కు రాకూడదనీ, రహస్యమంతా తాళంచెవిలోనే ఉండాలనీ తేల్చాడు. ఈ రోజు బ్యాంకు సైటు తెరిచినా, ఫోన్లో డబ్బు పంపినా వెనక పనిచేసే గుప్తీకరణ పద్ధతులు ఎవరైనా చదువుకోగలిగినవే. వాటిలో పేరున్న ఏఈఎస్‌ను అమెరికా ప్రమాణాల సంస్థ ఎలా ఎంచుకుంది? 1997లో బహిరంగంగా పోటీ పెట్టింది. వచ్చిన ప్రతి పద్ధతినీ పగలగొట్టి చూడండని ప్రపంచంలోని నిపుణులందరినీ పిలిచింది. దెబ్బలన్నీ తట్టుకున్న పద్ధతిని 2000లో ప్రకటించింది. ఎవరూ పరీక్షించని పద్ధతి గట్టిదని మనకెలా తెలుస్తుంది?

ఇంతకంటే మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీకి పూనుకున్నారు. 2009లో దానికోసమే ఒక ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలి కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలు మస్టర్లు పట్టుకొని ఇంటింటికీ తిరిగారు. అమ్మా, నీ పేరున ఇన్ని రోజుల పని రాశారు, చేశావా? ఇంత కూలి పడిందన్నారు, అందిందా? ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివారు. చనిపోయినవాళ్ల పేర కూలి తీశారనీ, ఊళ్లో లేని మనిషి మట్టి తవ్వినట్టు రాశారనీ, తవ్వని కుంటకు బిల్లు లేపారనీ అక్కడ లేచి చెప్పింది కూలీలు. వాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. కానీ ఎవరు పనికొచ్చారో, ఎవరు రాలేదో వాళ్లకు తెలిసినట్టు జిల్లా కేంద్రంలోని ఆడిటరుకు తెలియదు. రిజిస్టరు ఆఫీసు బీరువాలో భద్రంగా ఉన్నన్నాళ్లూ ఆ దొంగ లెక్కలూ భద్రంగానే ఉన్నాయి. కోడ్‌ను నలుగురి ముందు పెట్టి చదివించడం కూడా ఇదే పని. ఆ లెక్కతో రోజూ వ్యవహరించేవాడికి కనిపించే తేడా, దాన్ని తయారుచేసినవాడికి కనిపించదు.

అదే ఉపాధి హామీ పోర్టల్ నుంచే కదా ఆధార్ నంబర్లు బయటపడ్డాయి అని అడిగేవాళ్లుంటారు. నిజమే. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ కోసం అంబర్ సిన్హా, మన హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి కలిసి ఒక నివేదిక రాశారు. వాళ్లు పరిశీలించిన నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. నాలుగింటిలో కలిపి 13 నుంచి 13.5 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండవచ్చని వాళ్ల అంచనా. ఒక కూలీకి ఎన్ని రోజుల పని దొరికిందో, ఎంత డబ్బు పడిందో ఊరంతా చూడాలి. ఆమె ఆధార్ నంబరుతో, బ్యాంకు ఖాతా నంబరుతో ఊరికి పనిలేదు. ఈ రెంటినీ ఒకే పట్టికలో పోసినవాళ్ల తప్పుకు పారదర్శకతను శిక్షించమనడం అన్యాయం. పైగా ఆ తప్పును లోకానికి చూపింది పోర్టళ్లు నడిపిన శాఖలా? బయట నుంచి చూసిన ఇద్దరు. దానికి ఆధార్ ప్రాధికార సంస్థ స్పందన ఏమిటంటే, ఆ డేటాను చూసింది ఎవరో వివరాలు ఇమ్మంటూ నివేదిక ప్రచురించిన సంస్థకే లేఖ రాయడం. 2018 జనవరిలో 500 రూపాయలకు ఆధార్ వివరాలు దొరుకుతున్నాయని ట్రిబ్యూన్ పత్రిక రాసినప్పుడు ఎఫ్‌ఐఆర్‌లో ఆ విలేకరి పేరు కూడా ఎక్కింది.

ఇదే ధోరణి అంతకు ఏడెనిమిదేళ్ల ముందు హైదరాబాద్‌లో ఒక ఇంటి తలుపు తట్టింది. 2010లో ఇక్కడి ఇంజనీరు వేమూరు హరిప్రసాద్, మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నిపుణుడు రాప్ గొంగ్రైప్, మరికొందరు సహచరులు ఒక అసలైన ఈవీఎంను విప్పి పరీక్షించారు. పేరు చెప్పని వ్యక్తి ఎవరో వాళ్లకు దాన్ని అందించారు. యంత్రం చేతికి చిక్కితే, ఫలితం చూపించే బోర్డును మార్చి అంకెలు తారుమారు చెయ్యవచ్చనీ, మెమొరీకి చిన్న పరికరం తగిలించి లెక్క మార్చవచ్చనీ చేసి చూపించారు. ఎన్నికల్లో మోసం జరిగిందని వాళ్ల పరిశోధన నిరూపించలేదు, నేనూ అనడం లేదు. ఏది సాధ్యమో చూపించింది. ఈ యంత్రాలు తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటైన ఈసీఐఎల్ ఉన్నది ఇదే నగరంలో. తయారుచేసినవాళ్లూ తప్పు పట్టినవాళ్లూ ఒక ఆటో దూరంలో ఉన్నారు. ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాల్సింది. దానికి బదులు, 2010 ఆగస్టు 21 తెల్లవారుజామున ముంబయి పోలీసులు హరిప్రసాద్ ఇంటికి వచ్చి ఆయన్ను తీసుకెళ్లారు. ఆరోపణ యంత్రం దొంగతనం. వాళ్లకు కావలసింది యంత్రం ఇచ్చిన మనిషి పేరు. యంత్రంలోని లోపం ఎవరికీ పట్టలేదు. వారం తర్వాత బెయిల్ వచ్చింది. ఆ ఏడాదే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయొనీర్ అవార్డు ఇచ్చింది.

తర్వాతి కాలంలో ఆయన పేరు రాజకీయ వివాదాల్లో నలిగింది. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లు పెట్టుకోవచ్చు. కానీ ఒక సంగతి మరిచిపోవడానికి వీల్లేదు. 2019 ఏప్రిల్‌లో తెలుగుదేశం బృందంతో ఆయన ఎన్నికల సంఘం దగ్గరకు వెళ్లినప్పుడు, తొమ్మిదేళ్ల కిందటి ఆ కేసునే చూపి సాంకేతిక నిపుణుడిగా ఆయన్ను సంఘం ఒప్పుకోలేదు. లోపం చూపినందుకు పడిన మచ్చ అన్నేళ్లు వెంటాడింది. ఈలోగా, 2013 అక్టోబరు 8న, నిష్పాక్షికమైన ఎన్నికలకు కాగితపు ఆధారం తప్పనిసరి అని సుప్రీంకోర్టే చెప్పింది. ఇప్పుడు ఓటు వేసినవాళ్లు తమ గుర్తు ఉన్న చీటీని వీవీప్యాట్ అద్దం వెనక ఏడు సెకన్లు చూస్తున్నారు. యంత్రాన్ని నమ్మండి అని చెప్పే రోజుల నుంచి మీ కళ్లతో చూసుకోండి అనే దాకా వచ్చామంటే, ఇబ్బందికరమైన ప్రశ్నలు బయట వేసినవాళ్లందరికీ అందులో వాటా ఉంది.

ఎదుటివాళ్ల వాదంలో నిజంగా బరువైన భాగానికి వస్తాను. తెరిచిపెట్టినంత మాత్రాన అందరూ చూస్తారనుకోవడం భ్రమ అంటారు వాళ్లు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ గుప్తీకరణ కోడ్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం 2012 మార్చి విడుదలతో ప్రపంచంలోకి వచ్చి, 2014 ఏప్రిల్ 7 దాకా రెండేళ్లు లోకానికి తెలియలేదు. నేను ఒప్పుకుంటాను. తెరిచిన పుస్తకాన్ని కూడా ఎవరో ఒకరు చదవాలి. ప్రపంచంలోని బ్యాంకులూ దుకాణాలూ ఆధారపడిన ఆ కోడ్‌ను చూసుకోవడానికి అప్పట్లో చేతి వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. దాని నుంచి లాభపడిన కంపెనీలు వేలల్లో ఉన్నాయి. చూసేవాళ్లకు జీతం ఇవ్వకుండా, చూసేవాళ్లు లేరు కాబట్టి మూసెయ్యమనడం ఏ రకం తర్కం?

2024లో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకా లోతైనది. దాదాపు లైనక్స్ వ్యవస్థలన్నింటిలో ఉండే చిన్న కుదింపు పనిముట్టు అది. ఏళ్ల తరబడి దాన్ని ఒక్క మనిషి, లాసే కొల్లిన్, తీరిక వేళల్లో చూసుకునేవాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో 2021 నుంచి ఓపికగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించారు. మరికొన్ని పేర్లు కొల్లిన్ మీద ఒత్తిడి పెట్టాయి: ఆలస్యం చేస్తున్నావు, ఇంకొకరికి అప్పగించు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకున్నా ఆగలేదు. చివరికి జియా టాన్ చేతికి అధికారం వచ్చింది. 2024 ఫిబ్రవరి చివర విడుదలైన 5.6.0లో దొంగదారి చేరింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసి, కోడ్ లోపలికి వెళ్లి, మార్చి 29న విషయం అందరి ముందూ పెట్టాడు. దాని మీద హైటెక్ సిటీలో ఎన్ని ప్రెజెంటేషన్లు నడిచాయో! అన్నింటి సారం ఒకటే, ఓపెన్ సోర్స్‌ను నమ్మలేం అని.

ఆ ప్రెజెంటేషన్లలో చెప్పని రెండు సంగతులున్నాయి. ఆ దొంగదారిని మేల్కొలిపే ముక్క అందరూ చదివే రిపోలో లేదు. ఎవరూ పోల్చి చూడని విడుదల ప్యాకేజీలో మాత్రమే కలిపారు. అంటే దాడి చేసినవాళ్లు కూడా చీకటి మూలనే వెతుక్కున్నారు. రెండోది సోలార్‌విండ్స్. అది పూర్తిగా మూసిన కోడ్, డబ్బిచ్చి కొనుక్కునే సాఫ్ట్‌వేర్. 2020 మార్చి నుంచి దాని అప్‌డేట్లలో విషం కలిసి, దాదాపు 18,000 ఖాతాదారుల దాకా వెళ్లింది. బయటపడింది డిసెంబరులో, ఫైర్‌ఐ సంస్థ తన ఇంట్లోనే దొంగ పడ్డాడని గుర్తించాక. తొమ్మిది నెలలు. ఎక్స్‌జెడ్ దొరికింది అయిదు వారాల్లో. ఫ్రాయిండ్‌కు కోడ్ తెరిచి చూసే వీలుంది, చూశాడు. సోలార్‌విండ్స్ కొన్న వేలమంది ఖాతాదారుల ఇంజనీర్లలో ఒక్కరికైనా ఆ వీలుందా?

ఇక గుర్తింపు తప్పనిసరి చెయ్యాలన్న డిమాండు. కోడ్ ఇచ్చేవాళ్లూ, లోపం చెప్పేవాళ్లూ ఆధార్ చూపించాకే మాట్లాడాలంటారు. రెండేళ్లు నమ్మకం పెంచుకునే ఓపిక ఉన్న దాడిమూకకు దొంగ గుర్తింపు కార్డు ఒక లెక్కా? కష్టం ఎవరికంటే, తన కంపెనీ యాప్‌లో జనం మెడికల్ రిపోర్టులు బయటికి కారుతున్నాయని చూసి నిద్రపట్టని జూనియర్ ఉద్యోగికి. గోప్యతా ఒప్పందం (ఎన్డీఏ) మీద సంతకం పెట్టి, ఇంటి లోను ఈఎంఐ కడుతున్న ఆమె తన ఆధార్‌తో ఆ మాట చెబుతుందా? చెప్పదు. రిపోర్టులు కారుతూనే ఉంటాయి.

తెరిచి ఉంచడమంటే కాపలా వద్దనడమని ఎవరూ అనుకోవద్దు. పైథాన్ ప్యాకేజీలు ఉండే పైపీఐలోకి 2024 మార్చి 28న దొంగ ప్యాకేజీలు గుంపుగా వచ్చిపడ్డాయి. నిర్వాహకులు కొత్త ఖాతాలనూ కొత్త ప్రాజెక్టులనూ ఆపేశారు, ఎందుకో అందరికీ చెప్పారు, కొన్ని గంటల్లో మళ్లీ తెరిచారు. ఆ ఏడాది మొదటి రోజు నుంచే ప్రాజెక్టు నడిపేవాళ్లందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి చేశారు. పేరేమిటని అడగలేదు, ఈ ఖాతా నీదే అని రుజువు చేసుకోమన్నారు. మన తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది. ఎవరైనా వచ్చి దిద్దవచ్చు. ఆకతాయిలు వచ్చి పేజీలు చెరుపుతుంటారు కూడా. కానీ ప్రతి మార్పూ చరిత్ర పేజీలో నిలిచి ఉంటుంది, ఇటీవలి మార్పులను చూసేవాళ్లు ఉంటారు, చెరిపినదాన్ని వెనక్కి తిప్పేస్తారు, మరీ గొడవైన పేజీకి కొంతకాలం సంరక్షణ పెడతారు. జీతం తీసుకోని ఆ నిర్వాహకులకు తెలిసిన విద్య, కోట్ల బడ్జెట్ ఉన్న సెక్యూరిటీ విభాగాలకు చేతకాదంటే నేను నమ్మను.

వాళ్లకు చేతకాక కాదు, ఇష్టం లేక. హైటెక్ సిటీ నిలబడిందే బహిరంగంగా పంచుకున్న జ్ఞానం మీద. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ తీసుకుని ఉద్యోగాలకు ఎక్కిన వేలమంది పిల్లలు ఎర్రర్ వచ్చిన ప్రతి రాత్రీ ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి ఎక్కడో రాసిపెట్టిన జవాబు వల్లే తెల్లారేసరికి గట్టెక్కారు. ఇక్కడి క్లౌడ్ సర్వర్లలో నడిచేది ఎక్కువగా లైనక్సే. నల్ అనే సెక్యూరిటీ సమూహం హైదరాబాద్‌లో ఎవరైనా రాగలిగిన ఉచిత సమావేశాలు పెడుతూ వస్తోంది. ఇన్ని తీసుకున్న నగరంలో, ఒక ఇంజనీరు తాను సరిచేసిన రెండు లైన్ల బగ్‌ను తిరిగి ఆ ప్రాజెక్టుకు పంపాలంటే చాలా కంపెనీల్లో లీగల్ వాళ్ల అనుమతి కోసం నెలలు ఎదురుచూడాలి. చివరికి విసిగి మానేస్తాడు. ఆ బగ్ మిగతా ప్రపంచంలో అలాగే ఉంటుంది. తర్వాతి అప్‌డేట్‌తో తిరిగి అదే కంపెనీ సర్వర్లలోకి వస్తుంది.

చట్టం కూడా మారాలి. ఐటీ చట్టం 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడాన్ని తప్పంటుంది. మోసపూరిత ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సదుద్దేశంతో లోపం చూసి చెప్పినవాళ్లకు విడిగా రక్షణ ఏదీ అందులో లేదు. ఉద్దేశం ఏమిటో తేలేది కోర్టులో. అరెస్టు జరిగేది అంతకు చాలా ముందు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం దాడిని గుర్తించిన ఆరు గంటల్లో సంస్థ ఆ విషయం ప్రభుత్వానికి చెప్పాలి. వివరాలు పోయిన మనిషికి కూడా చెప్పాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం అంటోంది. ఈ రెండింటి పక్కనే మూడోది చేరాలి: లోపం చూసి, డేటా తీసుకోకుండా, సంస్థకు సరిదిద్దుకునే గడువిచ్చి చెప్పినవాళ్ల మీద క్రిమినల్ కేసు ఉండదని స్పష్టంగా రాయాలి. గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం ఇచ్చే 90 రోజుల గడువులాంటిది ఒకటి అందులో పెట్టవచ్చు.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులు ఉన్నాయి. లోపం కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలిపే చిన్న ఫైలును వెబ్‌సైట్లో ఎలా పెట్టాలో చెప్పే ప్రమాణం 2022 నుంచి ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖలన్నీ ఆ ఫైలును పెట్టి, వచ్చిన ప్రతి లేఖకూ జవాబిచ్చే బాధ్యత ఒక అధికారికి అప్పగించవచ్చు. కంపెనీలు తమ ప్రొడక్షన్‌లో నడుస్తున్న ఓపెన్ సోర్స్ భాగాల జాబితా తీసి, కొల్లిన్‌లా ఒంటరిగా ఒక్క మనిషే మోస్తున్నవి ఏవో చూసి, వాటికి ఇద్దరేసి ఇంజనీర్ల పనిగంటలు జీతంతో సహా కేటాయించవచ్చు. అలా పనిచేసే ఇంజనీర్లకు అప్రైజల్‌లో ఆ పనిని లెక్కలోకి తీసుకోవాలి, రెండు లైన్ల బగ్ పంపడానికి లీగల్ గుమ్మం ఎక్కనక్కర్లేని ఏర్పాటూ చెయ్యాలి.